మూడో గుండీ

మా అమ్మ కోపాన్ని కుట్టుమిషను చప్పుడును బట్టి చెప్పెయ్యొచ్చు. మామూలు రోజుల్లో అది టకటకమని ఒక తీరున నడుస్తుంది. కోపం వస్తే వీధి చివరిదాకా వినిపిస్తుంది. ఆ ఎండాకాలం మొదట్లో ఒకరోజు పొద్దున్నే మిషను అసలు చప్పుడే చెయ్యలేదు. నాకు భయం వేసి ముందుగదిలోకి వెళ్ళి చూశాను. అమ్మ మిషను ముందే కూర్చుని ఉంది. చేతిలో నాన్న డ్యూటీకి వేసుకునే నీలం చొక్కా.

"ఈ మూడో గుండీ ఎవరు కుట్టారే?" అంది.

నేను కాదు. నేను కుట్టిన గుండీ వారం తిరక్కుండా ఊడి పడుతుందని మా వీధిలో పసిపిల్లలకి కూడా తెలుసు. అమ్మ కాదు. ఇక మిగిలింది నాన్న. ఆయన సూది ముట్టుకోవడం కంటే సూర్యుడు పడమట పొడవడం సులువు. "సూదిపని కూడా ఒక పనేనా? ఇరవై ఏడు ప్రాణాలు చేతిలో పెట్టుకుని స్టీరింగు తిప్పి చూడు, తెలుస్తుంది" అని మా ఇంట్లో వారానికి రెండుసార్లయినా వినపడేది.

అమ్మ ఆ గుండీని వెలుతురులో పెట్టి నాకు చూపించింది. ఆవిడ కుడితే రెండు దారాలు పక్కపక్కన పడుకున్నట్టు ఉంటాయి, ముడి ఎక్కడుందో దేవుడికి కూడా దొరకదు. ఇక్కడ దారం లావుగా, మైనం పట్టించినట్టు జిగటగా ఉంది. ముడి శనగగింజంత. గోటితో గిల్లితే రాలేదు, బ్లేడు పెట్టాల్సి వచ్చేలా ఉంది. ముప్పై ఏళ్ళుగా కుడుతున్న మనిషి. దారిన పోయేవాళ్ళ ఒంటి మీద చొక్కా చూసి ఏ దర్జీ కుట్టాడో చెప్పేస్తుంది. అలాంటిది మొగుడి చొక్కా మీద ఎవరి చెయ్యో తెలియని ముడి కనబడితే ఊరుకుంటుందా?

"ఎవరో ఉన్నారు," అంది మెల్లగా. "నెల క్రితం ఆయన సంచీ పిడి తెగితే అదీ ఇలాగే కుట్టి ఉంది. అప్పుడు నేను పట్టించుకోలేదు."

నవ్వబోయి ఆగిపోయాను, ఆవిడ కళ్ళు చూసి. "ఉంటే గనక ఈ మిషను తీసుకుని మా అక్క దగ్గరికి వెళ్ళిపోతాను. మిషను నాదే. మిగతావన్నీ ఆయన్నే ఉంచుకోమను" అంది. ఏడవలేదు, అరవలేదు. మా అమ్మ ఉత్తినే మాటలు అనే మనిషి కాదు. 

నాన్న ఒక టూరిస్టు కంపెనీలో డ్రైవరు. పొద్దున్నే నగరంలో బయలుదేరి, పల్లెల మీదుగా సముద్రం దాకా వెళ్ళి, సాయంత్రానికి వెనక్కి తెచ్చి దింపే బస్సు. వాడేసిన రాతిగని గుంటలో నీళ్ళు నిండి ఏర్పడిన చెరువు దగ్గర గంట, మనల్నే పళ్ళు కోసుకోనిచ్చే తోటలో గంట, చివర లైట్‌హౌసు దగ్గర రెండు గంటలు. ఇరవై ఆరేళ్ళుగా అదే దారి. నేనూ అమ్మా ఆ బస్సు ఎప్పుడూ ఎక్కలేదు. దీపం కిందే చీకటి అంటారే, అదే మా ఇల్లు. నగరంలో సగం మందికి మా నాన్న సముద్రం చూపించాడు, మాకు మాత్రం చొక్కా జేబులో మిగిలిన ఇసుక చూపించేవాడు.

సరిగ్గా ఆ వారమే ఆ బస్సులో గైడుగా పనిచేసే మైకు మామయ్యకి గొంతు పోయింది. మూడు నెలలు నోరు విప్పొద్దన్నాడు డాక్టరు. కాలేజీ అయిపోయి ఉద్యోగం లేక ఇంట్లో కూర్చున్న నన్ను చూసి అమ్మ అంది, "నోరే కదా కావాల్సింది? అది నీకు బోలెడుంది. వెళ్ళు. వెళ్ళి కళ్ళు తెరుచుకుని ఉండు." నాన్న మాత్రం ససేమిరా అన్నాడు. ఎండలో కందిపోతానన్నాడు, జనం మంచివాళ్ళు కారన్నాడు. నేను ఎప్పుడూ ఏదడిగినా సరేననే మనిషి అంత గట్టిగా వద్దనేసరికి అమ్మ నా వైపు చూసిన చూపు నాకు ఇప్పటికీ గుర్తే.

మైకు మామయ్య నాకు పని నేర్పింది పలక మీద రాసి. రాతిగని లోతు ఎంతో, లైట్‌హౌసుకి మెట్లెన్నో అన్నీ రాసిచ్చాడు. చివర పెద్ద అక్షరాలతో ఒకటి రాసి దాని కింద రెండు గీతలు గీశాడు: "ఆగిన ప్రతిచోటా తలలు లెక్కపెట్టు. ఇరవై ఏడు. డ్రైవరు లెక్కలోకి రాడు."

ఆ మాట అప్పుడు నాకు మామూలుగానే అనిపించింది.

మొదటి రోజు నేను చెప్పింది తక్కువ, నోరు తెరుచుకుని చూసింది ఎక్కువ. నగరం దాటగానే ఆకాశం అంత కిందికి దిగి ఉంటుందని నాకు తెలియదు. పళ్ళతోటలో కొమ్మ మీద పండు వేడిగా ఉంటుందని తెలియదు. సముద్రం వాసన సముద్రం కనబడకముందే వస్తుందనీ తెలియదు. "గైడుగారూ, ఆ పక్షి ఏమిటి?" అని ఒకావిడ అడిగితే "నేనూ అదే అడుగుదామనుకుంటున్నానండీ" అన్నాను. బస్సంతా నవ్వింది. అద్దంలో నాన్న కూడా నవ్వాడు.

ఆయన్ని కంపెనీలో అందరూ నిమిషం అని పిలుస్తారని నాకు అప్పుడే తెలిసింది. లైట్‌హౌసు దగ్గర సరిగ్గా నాలుగింటికి మూడుసార్లు హారను కొడతాడు, మూడో హారను ఆగేసరికి బస్సు కదులుతుంది. ఆలస్యమైన వాళ్ళు వెనకాల వచ్చే టౌను బస్సెక్కి రావలసిందే. ఒకసారి కొత్తగా పెళ్ళయిన అబ్బాయిని వదిలేసి పెళ్ళికూతుర్ని తీసుకొచ్చేశాడట. మొండితనం కాదు, దానికో లెక్క ఉంది. తిరుగు దారిలో రైలు గేటు ఉంది. నాలుగూ నలభైకి అది పడిందంటే గూడ్సు బండి వెళ్ళేదాకా ముప్పావు గంట లేవదు. ఇరవై ఆరేళ్ళలో ఆ గేటు ముందు తన బస్సు ఒక్కసారి కూడా ఆగలేదని నాన్న గొప్ప.

అమ్మకి ఆ గొప్ప ఎప్పుడూ నచ్చలేదు. "నాకోసం ఒక్క నిమిషం ఆగిన మనిషి కాదు" అంటుంది. ఏ ఫంక్షనుకి వెళ్ళినా ఆయన ఇరవై అడుగులు ముందు నడుస్తాడు, ఆవిడ వెనక పరిగెడుతుంది. ఆ ఇద్దర్నీ చూసి మొగుడూ పెళ్ళాలని ఎవరూ అనుకోరు.

లైట్‌హౌసు దగ్గర నాకు ఒక చిక్కు వచ్చిపడింది. బస్సు ఆగగానే నాన్న అన్నం డబ్బా పట్టుకుని మాయమయ్యేవాడు. వెనకాల వెళదామంటే జనాన్ని మెట్లెక్కించాలి. నూట అరవై నాలుగు మెట్లు, పైకి చేరేసరికి ఊపిరి గొంతులో ఉంటుంది. అయితే పైన చుట్టూ నడవా ఉంది. అక్కడ నిలబడితే తీరమంతా అరచేతిలో ఉన్నట్టు కనబడుతుంది. మా బస్సు అగ్గిపెట్టె. దాన్నుంచి దూరంగా నడిచిపోతున్న నీలం చొక్కా మా నాన్న.

ఒక చేత్తో జనానికి పడవలు చూపిస్తూ, కళ్ళతో ఆయన్ని వెంబడించాను. ఐసు గోడౌను దాటాడు, పడవలు బోర్లించిన చోటు దాటాడు, రేకుల పాక ఒకటుంటే అందులోకి దూరాడు. గుమ్మంలో ఒక ఆడమనిషి నిలబడి ఉంది. ఆయన రావడం చూసి పక్కకి జరిగి దారిచ్చింది. నాలుగింటికి పది నిమిషాల ముందు మళ్ళీ బయటికొచ్చాడు.  

ఇంటికొచ్చి చూసింది చెప్పగానే అమ్మ నన్ను పోలీసు ప్రశ్నలు అడిగింది. వయసెంత, రంగెలా ఉంది, లావా, సన్నమా. అంత ఎత్తు నుంచి తల ఒక్కటే కనబడిందన్నాను. తల ఎలా ఉందంది. గుడ్డ చుట్టుకుందన్నాను. "గుడ్డ ఎలా చుట్టుకుంది?" అంది. అమ్మకి మనుషుల కంటే బట్టలే ఎక్కువ చెప్తాయి.  ఆ రాత్రి మిషను వీధి చివరిదాకా వినపడింది. నాన్న ఏమీ ఎరగనట్టు పడుకున్నాడు.

అలా మూడు వారాలు గడిచాయి. వారానికి నాలుగు ట్రిప్పులు, నాలుగుసార్లూ అదే పాక. నాన్నతో మామూలుగా మాట్లాడటం నాకు కష్టమైపోయింది. అన్నం పెట్టమంటే పెట్టేదాన్ని, పక్కన కూర్చునేదాన్ని కాదు. అయినా నిజం చెప్పొద్దూ, కోపం కంటే నాకు కుతూహలమే ఎక్కువ. మా నాన్నలో ఎవరినైనా దాచిపెట్టేంత చోటుందా అని.

నాలుగో వారంలో లైట్‌హౌసుకి రంగులు వేస్తున్నారని పైకి ఎవర్నీ ఎక్కనివ్వలేదు. జనాన్ని ఇసుకలోకి వదిలేసి నేరుగా పాక వైపు నడిచాను. దగ్గరికి వెళ్ళేకొద్దీ అడుగులు చిన్నవైపోయాయి. గుమ్మం దాకా వెళ్ళేసరికి లోపల్నుంచి ఒక ఆడగొంతు తిట్టడం వినిపించింది.

"ఇది వలంటావా, జల్లెడంటావా? ఇందులోంచి చేపే కాదు, నువ్వు కూడా జారిపోతావు. విప్పు, మొత్తం విప్పు."

లోపల మా నాన్న నేల మీద కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు. కాలి బొటనవేలికి తాడు తగిలించుకుని, చేతిలో చెక్కతో చేసిన జానెడు సూది పట్టుకుని, పరీక్షలో తప్పిన పిల్లాడిలా తలవంచుకుని వల విప్పుతున్నాడు. ఎదురుగా స్టూలు మీద ఒక ముసలావిడ. డెబ్బై అయిదు ఉంటాయి, పళ్ళు మూడో నాలుగో. పడవల వాళ్ళ చిరిగిన వలలన్నీ ఆవిడ దగ్గరికే వస్తాయి. అక్కడ అందరూ ఆవిడని వలల పెద్దమ్మ అంటారని తర్వాత తెలిసింది.

నాన్న తలెత్తి నన్ను చూశాడు. చూసి, "టైమెంతయింది?" అన్నాడు.

"ఇంకా మూడే" అన్నాను. నాకు నవ్వు వస్తోంది, ఏడుపూ వస్తోంది. పెద్దమ్మ ఒకసారి నన్నూ ఒకసారి ఆయన్నీ చూసి, టీ పెడతానని బయటికి వెళ్ళిపోయింది.

వల విప్పుతూనే చెప్పాడు. కుర్రవాడిగా ఉన్నప్పుడు పెద్దబండి లైసెన్సుకి రెండేళ్ళు తక్కువయ్యాయట. ఎవరో చెప్తే కాగితాల మీద రెండేళ్ళు ఎక్కువ వేయించుకున్నాడు. ఆ సంగతి ఆయనా మర్చిపోయాడు. కంపెనీ కాగితాలు మర్చిపోలేదు. అరవై నిండినవాళ్ళకి బస్సు ఇవ్వకూడదని వాళ్ళ నియమం. మా లెక్కన ఆయనకి యాభై ఎనిమిది, వాళ్ళ లెక్కన ఈ సీజనుతో అరవై.

"అంటే అయిపోయినట్టేనా?" అన్నాను.

"ఆఖరి ట్రిప్పుతో తాళాలు ఇచ్చెయ్యాలి." చేతిలో సూదిని అటూ ఇటూ తిప్పాడు. "నాకు బండి తప్ప ఏమీ రాదు కదమ్మా. మధ్యాహ్నం పూట ఇక్కడ పడుకునేవాణ్ణి, ఈవిడ చేతులు చూస్తూ. ఒకరోజు ఎలా వేస్తారో చూద్దామని అడిగాను."

గుండీ సంగతి అడిగాను. సీటు బెల్టుకి తగులుకుని ఊడితే, నేర్చుకున్న ముడి పనికొస్తుందేమోనని తనే కుట్టుకున్నాడట. వలదారంతో. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన ముఖంలో కొంచెం గర్వం కూడా ఉంది. దానివల్ల ఇంట్లో ఏం జరుగుతోందో ఆయనకి ఏమాత్రం తెలియదు.

"మరి అమ్మకి చెప్పొచ్చుగా?"

"ఏ మొహం పెట్టుకుని చెప్పను? పాతికేళ్ళు సూదిపని ఒక పనేనా అన్నాను." తల అడ్డంగా ఊపాడు. "ఒక వరస సరిగ్గా రానీ. అప్పుడు చెప్తాను. నువ్వు మాత్రం అనకు."

అననని మాటిచ్చాను. మాట తప్పలేదు కూడా. కానీ పాకలోంచి వస్తూ వస్తూ మూలన పడేసిన, ఆయన మొదట్లో అల్లిన వల ముక్క ఒకటి సంచీలో వేసుకున్నాను. ఎందుకు వేసుకున్నానో నాకే సరిగ్గా తెలియదు.

మర్నాడు ట్రిప్పు లేదు, నాన్న బస్సు కడిగించడానికి వెళ్ళాడు. ఆ రోజు నాకు సెలవు. అమ్మ మిషను మీద ఆ ముక్క పెట్టి, "ఆవిడకి డెబ్బై అయిదేళ్ళు" అన్నాను. "నన్నింకేమీ అడగొద్దు."

అమ్మ అడగలేదు. కళ్ళజోడు పెట్టుకుని ఆ ముక్కని చేతిలోకి తీసుకుంది. కాసేపు చూసి, కళ్ళజోడు తీసేసి, వేళ్ళతో తడమడం మొదలుపెట్టింది. ఒక్కో ముడి దాటుకుంటూ పై వరస నుంచి కిందికి వచ్చింది. బట్ట కొలిచేటప్పుడు కూడా అంత నెమ్మదిగా ఉండదు.

"ఇక్కడ భయపడ్డాడు," అంది మొదటి వరస మీద వేలు పెట్టి. "మరీ బిగించేశాడు, జారిపోతుందేమోనని. ఇక్కడ విసుగొచ్చింది, లేచిపోదామనుకున్నాడు. లేవలేదు." ఇంకొంచెం కిందికి వచ్చింది. "ఇక్కడ ఎవరో తిట్టారు. విప్పి మళ్ళీ వేశాడు. ఆ గుండీ ముడి ఇదే." చివరి వరస దగ్గర వేలు ఆగిపోయింది. 

"మీ నాన్న చెయ్యే ఇది," అంది. "ఈ వయసులో ఇంకో పని ఎందుకు నేర్చుకుంటున్నాడే? ఉద్యోగం పోతోందా?"

నేను మాట్లాడలేదు. అమ్మకి అది చాలు. ఆ ముక్కని మడిచి, తను దారపుండలు పెట్టుకునే డబ్బాలో అడుగున దాచింది. చీరుకుపోయిన ఎవరిదో ప్యాంటు తీసి కుట్టడం మొదలుపెట్టింది. మిషను టకటకమని మామూలుగా నడిచింది. కాసేపటికి వెనక్కి తిరక్కుండానే, "ఇంట్లో మనమిద్దరం ఉండగా ఒక్కడూ మోశాడు, పిచ్చి మనిషి" అంది. 

తర్వాత రెండు నెలలూ ఆయనతో ఒక్క మాట అనలేదు. చొక్కాకి మూడో గుండీ అలాగే ఉంది, ఉతికి ఇస్త్రీ చేసి ఇచ్చేది. అన్నం డబ్బాలో కూర కొంచెం ఎక్కువ పెట్టేది. పెద్దమ్మకి కూడా సరిపోయేలా అని నేను అనుకున్నాను. నాన్న అనుకోలేదు, ఈ మధ్య అమ్మకి చెయ్యి పెద్దదయిందన్నాడు.

ఆఖరి ట్రిప్పు రోజు పొద్దున్నే కంపెనీ ఆఫీసు ముందు నేను లెక్కపెడుతుంటే చివరన అమ్మ నిలబడి ఉంది. ఒంటి మీద ఇస్త్రీ చీర, చేతిలో సంచీ. నాన్న డ్రైవరు సీట్లోంచి సగం లేచి, ఎక్కడికి అన్నాడు.

"టిక్కెట్టు కొన్నాను. సీటు ఇరవై ఏడు," అంది అమ్మ, ఎవరో పరాయి డ్రైవరుతో మాట్లాడుతున్నట్టు. ఎక్కి కూర్చుంది.

దారి పొడవునా కిటికీకి అతుక్కుపోయింది. రాతిగని దగ్గర నీళ్ళు ఆ రంగులో ఎందుకున్నాయని అడిగింది. తోటలో చెట్టుకి కట్టిన వల పట్టుకుని చూసి, ఇది పిట్టలకా అని తోటమాలిని అడిగింది. ఎవరు అల్లుతారని కూడా అడిగింది. ఇప్పుడు మా ముందుగదిలో మిషను పక్కనే తోటల వలలు, ఆటస్థలాల వలలు కుప్పలుగా పడి ఉంటాయంటే, అదంతా ఆ మాటతోనే మొదలైంది.

లైట్‌హౌసు దగ్గర జనాన్ని మెట్లెక్కించాను. పైనుంచి చూస్తే నీలం చొక్కా పాక వైపు నడిచిపోతోంది. వెనకాల, ఇరవై అడుగుల దూరంలో మా అమ్మ. ఆయన వెనక్కి తిరిగి చూడలేదు. ఇద్దరూ పాకలోకి వెళ్ళారు. అక్కడ ఎవరు ఎవరితో ఏమన్నారో నాకు ఇప్పటికీ తెలియదు. అడిగితే ఇద్దరూ మాట మార్చేస్తారు.

నాలుగు కావస్తుండగా దిగి వచ్చి లెక్కపెట్టాను. ఇరవై ఆరు. నాన్న సీట్లో ఉన్నాడు, ఇంజను నడుస్తోంది. సరిగ్గా నాలుగయింది. బస్సులో అందరూ ఆయన చేతి వైపు చూశారు, పొద్దున్నుంచీ నేను వాళ్ళకి హారను కథలు చెప్పి ఉన్నాను కదా. ఆయన చెయ్యి హారను మీదికి వెళ్ళి ఆగింది.

"నాన్నా, నాలుగయింది," అన్నాను. "ఒకరు తక్కువ."

"తెలుసు. ముప్పై ఏళ్ళ దర్జీకి ఆ ముడి పడటం లేదు, పెద్దమ్మ తిడుతోంది." ముందుకు వంగి తాళం తిప్పాడు. ఇంజను ఆగిపోయింది. "ఒక వరస మిగిలింది. అవనీ."

వెనక సీటాయన గేటు పడిపోతుందని గొణిగాడు. నాన్న వినిపించుకోలేదు. పావుగంట తర్వాత అమ్మ ఇసుకలో నడుచుకుంటూ వచ్చింది. పరిగెత్తలేదు. చేతిలో జానెడు వల. మెట్టెక్కి, ఆగి ఉన్న బస్సునీ, ఆయన్నీ చూసి, వెళ్ళి ఇరవై ఏడో సీట్లో కూర్చుంది.

మేము వెళ్ళేసరికి గేటు పడి ఉంది. ఇరవై ఆరేళ్ళలో మొదటిసారి. జనం దిగి కాళ్ళు సాగదీస్తున్నారు. అమ్మ ముందుకొచ్చి నాన్న సీటు పక్కన నిలబడింది.

"నా వల్లే పడింది," అంది.

"పడితే పడనీ," అన్నాడు నాన్న. "ఇన్నేళ్ళుగా ఇక్కడ ఏముందో నేనెప్పుడూ చూడలేదు. పద, చూద్దాం."

గేటు పక్కన గదిలాంటిది ఒకటుంది, దాని కప్పు మీదికి ఎవరో సొరపాదు పాకించారు. అవతల కాలవ, కాలవలో బాతులు. అంతకంటే ఏమీ లేదు. ఇద్దరూ అదంతా పక్కపక్కన నిలబడి చూశారు. గేటు కాసే ఆయన్ని అమ్మ ఏదో అడిగింది, నాన్న ఇంకేదో అడిగాడు. గూడ్సు బండి వచ్చి పెట్టెపెట్టె దాటుతుంటే అమ్మ నాన్న చొక్కా పట్టుకుని నిలబడింది, మూడో గుండీ దగ్గర.

గేటు లేచాక అందర్నీ ఎక్కించి, అలవాటు ప్రకారం వెనక నుంచి ముందుకి లెక్కపెట్టుకుంటూ వచ్చాను. ఇరవై ఏడు. ముందుకొచ్చి నాన్న భుజం మీద చెయ్యి వేసి, ఇరవై ఎనిమిది అన్నాను.